తోలు తిత్తి, తొలి గుక్క

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి ఈ మార్చిలో రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్లలో పిల్లలకు నేను సొంతంగా చెప్పిన అబద్ధం ఒక్కటే. మిగతావేమైనా ఉంటే అవి పాఠ్యపుస్తకాలవి, వాటికి నా పూచీ లేదు.

ఫిజిక్స్ మాస్టారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ క్లాసు నా నెత్తిన పడేది. అలాంటి ఒక రోజు, కుండలోనూ తోలు తిత్తిలోనూ నీళ్లు ఎందుకు చల్లబడతాయో చెబుతున్నాను. తిత్తి అంటే మేకతోలు సంచి. వెనకటికి పొలం పనులకు పోయేవాళ్లు దాన్నిండా నీళ్లు పోసుకుని భుజాన తగిలించుకునేవారు. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "మేడమ్, మీరు తాగారా ఆ నీళ్లు?" అంది. "తాగకేం, మా తాతయ్య పొలంలో. అమృతంలా ఉంటాయి," అనేశాను. మా తాతయ్యది తెనాలి బజారులో గాజుల కొట్టు. ఆయనకు పూలకుండీ పట్టేంత నేల కూడా లేదు. ఆ పిల్ల మాత్రం 'అమృతం' అని నోట్సులో రాసుకుంది. ఆ తర్వాత ఏటేటా ఆ అబద్ధానికి కొంచెం కొంచెం పోపు పెడుతూ వచ్చాను. చివరి ఏడాదికి తాతయ్యకు రెండు జతల ఎద్దులు కూడా అమిరాయి.

రిటైరయ్యాక తీరిక ఎక్కువై, ఆ అబద్ధం గుర్తొచ్చి దురద పెట్టడం మొదలైంది. వెళ్లి నిజం చేసేస్తే పోలేదా అనుకున్నాను. తిత్తులు కుట్టేవాళ్లు ఇంకా ఎక్కడైనా ఉంటే రాయలసీమలోనే ఉండాలని ఎవరో అన్నారు. "గుక్కెడు నీళ్ల కోసం కర్నూలు దాకానా?" అని మా ఆయన నిట్టూర్చి, పదిహేను వందలు పెట్టి ఒక స్టీలు ఫ్లాస్కు కొనిచ్చాడు. ఒక రోజంతా నీళ్లు చల్లగా ఉంచుతుందట. తిత్తిని వెక్కిరించడానికే కొన్నాడని నా అనుమానం.

కర్నూలు

మే నెల కర్నూలు ఎండ గురించి రాయను. రాసినా చూడనివాళ్లు నమ్మరు. పొద్దున్నే బస్సు దిగి బొరుగులతో చేసే ఉగ్గాని తిన్నాను. మేం మరమరాలంటాం, వీళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి పిండి, తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు, పక్కన మిరపకాయ బజ్జి. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు మరమరాలంటే సాయంత్రం పూట పిల్లల్ని సముదాయించే సరుకు. ఇక్కడ పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా పొద్దున్నే వాటికోసం వరసలో నిలబడ్డారు. బజ్జీ మాత్రం మా గుంటూరుకు దగ్గరి చుట్టమే. మొదటి కొరుకులోనే గుర్తుపట్టి కళ్ల నీళ్లు పెట్టుకున్నాను.

తర్వాత తోలు సామాన్ల దుకాణాలు తిరిగాను. "తాగడానికి, తోలుతో చేసింది కావాలి," అని అడిగితే బెల్టులు, పర్సులు చూపించారు. ఒక దుకాణదారు నా నెరిసిన జుట్టు వంక కాసేపు చూసి, కౌంటరు మీదికి వంగి, "అట్లాంటివి ఈడ దొరకవు మేడమ్. బెంగళూరులో దొరుకుతాయి, జేబులో పట్టేవి," అన్నాడు గొంతు తగ్గించి. ఆయన అనుకున్నది మందు బుడ్డి అని మెట్లు దిగాక వెలిగింది. వెనక్కి వెళ్లి సరిదిద్దుదామనుకున్నాను గానీ, పాపం రాత్రి ఇంట్లో చెప్పుకోవడానికి ఆయనకూ ఒక కబురుండాలి కదా అని ఊరుకున్నాను.

చివరికి దారి చూపించింది మటన్ కొట్టు ఖాసిం భాయ్. "మష్కా? మా తాత మోసేటోడు," అన్నాడు కత్తి పక్కన పెట్టి. వాళ్లు తిత్తిని మష్క్ అంటారట. "ఆత్మకూరు కాడ మద్దిలేటని ఒక ముసలాయన ఉండాడు. పొట్ట కొయ్యకుండ, చొక్కా ఇప్పినట్ల తోలు గుంజియ్యల్ల ఆయనకి. గోరంత చినిగినా ఎనక్కి పంపిస్తాడు. శానా మొండోడు మేడమ్." మేక తోలును ఇప్పుడు యాభై రూపాయలకు అడిగే దిక్కు కూడా లేదట. మద్దిలేటి ఒక్కడే బేరమాడకుండా కొంటాడట.

నందికొట్కూరులో పది నిమిషాలు

ఆత్మకూరు బస్సు నందికొట్కూరులో ఆగింది. పక్క సీట్లోకి ఒకామె బుట్టతో వచ్చి, బస్సు కదిలేలోపు నా ఊరు, పిల్లలు, పింఛను, మోకాళ్ల నొప్పి అన్నీ రాబట్టేసింది. మా వైపు ఈ పనికి కనీసం రెండు ఊళ్లు దాటాలి. "ఇంతకూ యాడికి పోతాండావు?" అంది. తిత్తి నీళ్లు తాగడానికని చెప్పాను. ఆమె బుట్ట కింద పెట్టి మరీ నవ్వింది.

"మా ఊర్లో ట్యాంకర్ కాడ బిందెలతో కొట్టుకుంటాండాము. నువ్వేమో నీళ్లు తాగేదానికి టికెట్ తీసుకోని వచ్చినావు! ఈ ఊర్ల పక్క నీళ్లు తాగేదానికి వచ్చినోళ్లను నిన్నే చూస్తాండా తల్లీ."

దిగేటప్పుడు ఉడకబెట్టిన చెనిక్కాయలు, మా వేరుశనగలు, నా ఒళ్లో పోసి పోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

మద్దిలేటి పందిరి కింద

ఆత్మకూరు నుంచి ఆటోలో అరగంట. మద్దిలేటి ఇల్లు ఊరి చివర మాదిగవాడలో ఉంది. చిరునామా అక్కర్లేదు, సున్నం, తంగేడు చెక్క, మేక, మూడూ కలిసిన వాసన పట్టుకుని వెళితే చాలు. ఆయనకు డెబ్బై దాకా ఉంటాయి. కుడిచేతి రెండు వేళ్లు వంగవు. భార్య సుంకమ్మకు మాత్రం అన్నీ వంగుతాయి, నాలుకైతే ఏ పక్కకైనా తిరుగుతుంది.

వెళ్లగానే సుంకమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "వద్దమ్మా, ఫ్లాస్కు ఉంది. డాక్టరు బయట నీళ్లు తాగొద్దన్నారు," అన్నాను. ఆమె చెంబు గడప పక్కన పెట్టింది. "మీ తిత్తిలో నీళ్లు తాగాలని తెనాలి నుంచి వచ్చాను," అన్నాను ఉత్సాహంగా. సుంకమ్మ మొగుడి వంక చూసింది. మొగుడు చెంబు వంక చూశాడు. ఆ చూపులు అప్పుడు నాకు పట్టలేదు.

పందిరి గుంజకు పూర్తయిన తిత్తి ఒకటి వేలాడుతోంది. తలలేని బొద్దు మేకలాగే ఉంది. మెడ ఉన్నచోట మూతి, కాళ్లు ఉన్నచోట ముడివేసి కుట్టిన నాలుగు మొట్లు. తోలును సున్నం నీళ్లలో నానబెట్టి బొచ్చు గీకి, తంగేడు చెక్క, కరక్కాయలు వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. నేను ఊరుకోలేకపోయాను. తంగేడు చెక్కలో టానిన్ ఉంటుందనీ, అది తోలును కుళ్లిపోకుండా పట్టి ఉంచుతుందనీ పావుగంట పాఠం చెప్పాను. సుంకమ్మ కరక్కాయలు దంచుతూనే విన్నది.

"దానికి అంత పేరుండాదని తెలీకనే మా అత్త నలభై ఏండ్లు దంచింది," అంది. "ఇంత తెలిసినదానివి, ఒక కుట్టు కుట్టు చూస్తా."

మద్దిలేటి ఒక పనికిరాని తోలు ముక్కా, ఆరె అనే మొనదేలిన ఇనుప సూదీ నా చేతికిచ్చాడు. అంగుళం కుట్టడానికి గంట పట్టింది, వేలికి రెండు పోట్లు పడ్డాయి. ఆయన ఆ ముక్కను దొన్నెలా పట్టి నీళ్లు పోశాడు. అన్ని కుట్ల నుంచీ సమానంగా కారాయి. "తిత్తి కాదు మేడమ్, జల్లెడ," అన్నాడు గంభీరంగా.

గుంజకున్న తిత్తి నీళ్లు ఒక గుక్క పొయ్యమన్నాను. "అది కుదరదు," అన్నాడు. అప్పుడు చెప్పాడు ఆ ఆచారం. కొత్త తిత్తిని ఊరికే చేతికివ్వరు. కుట్టినవాడు నీళ్లు వంచాలి, తీసుకునేవాడు దోసిలి పట్టి తొలి గుక్క తాగాలి. ఎవరు తాగితే తిత్తి వాళ్లది. ఆ పైన కుట్టినవాడికి కూడా దానిమీద హక్కు లేదు. ఈ తిత్తిని చెప్పి చేయించుకుంటున్నది శేషిరెడ్డి. ఈ ఊరి ఆసామి కొడుకే, ఇప్పుడు కడపలో కాంట్రాక్టరు. బైపాస్ రోడ్డులో పల్లె వంటల హోటలు తెరుస్తున్నాడు. దాని గోడకు ఈ తిత్తి వేలాడదీస్తాడట.

"నాకు పదేండ్లప్పుడు వాళ్ల నాయనకు మా నాయన తిత్తి కుట్టినాడు," అన్నాడు మద్దిలేటి. "ఇద్దరమూ ఎత్తుకోని పోయి అరుగు కింద నిలబడితిమి. రెడ్డి అరుగు మీదనే కూర్చోని, తొలి గుక్క తాగేదానికి జీతగాన్ని పంపినాడు. ఆ యప్ప వచ్చి తాగిపాయ. తిత్తి లోపలికి పాయ. మా నాయన ఇంటికొచ్చి మూడు దినాలు ఎవురితోనూ మాట్లాడలేదు."

"మా చెంబులో నీళ్లు తాగరు," అంది సుంకమ్మ రోకలి ఆపకుండా. "మా తోల్లో నీళ్లయితే గుటగుట తాగుతారు. ఏం న్యాయమో ఏమో!"

నేను పకపకా నవ్వాను. నవ్వితే గొంతెండి, ఫ్లాస్కు మూత తీసి తాగాను.

"ఇది నా ఆఖరి తిత్తి మేడమ్," అన్నాడు మద్దిలేటి వంగని వేళ్లు చూపించి. "ఇంక ఇవి ఆరె పట్టవు. ఈ తొలి గుక్క శేషిరెడ్డే తాగల్ల, నా చేత్తో పోస్తే. ఎవురినీ పంపకూడదు. ఫోన్లో చెప్తే తాగుతాలే అన్యాడు. చూస్తా."

మూడు రోజులు ఆత్మకూరు లాడ్జిలో ఉండి రోజూ వెళ్లాను. కొత్త తిత్తికి మూడు నీళ్లు మార్చాలి. పొద్దున నింపితే మర్నాటికి తేనె రంగులో దిగుతాయి, పారబోసి మళ్లీ నింపాలి. "ఇది బాయి నీళ్లే తాగుతాది. బోరు నీళ్లు పోస్తే అలుగుతాది," అన్నాడాయన. నా పుస్తకంలో రాసుకుని, పక్కన 'మూఢనమ్మకం' అని గీత గీశాను. సుంకమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడు వీధి మొదట్లోకి వినిపించేది. పక్కన ఊరిబిండి, అంటే చెనిక్కాయలు రోట్లో నూరిన పచ్చడి. నేను మాత్రం వాళ్లకు శ్రమ ఎందుకని ఆత్మకూరు హోటలు నుంచి ఇడ్లీ పొట్లం తెచ్చుకునేదాన్ని. ఊరిబిండి వాసన పీల్చుకుంటూ చప్పటి ఇడ్లీ తినడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మేకకు టికెట్టు

నాలుగో రోజు తిత్తిని నిండుగా నింపి, నేనూ మద్దిలేటీ కడప బయల్దేరాం. నిండిన తిత్తినే ఇవ్వాలి, అదీ పద్ధతి. ఆయన చేతులు నొప్పెడుతున్నాయని దాన్ని నా ఒళ్లో పెట్టుకున్నాను. నంద్యాలలో బస్సు మారాం. కండక్టరు నాలుగు మొట్ల వంకా, మెడ వంకా చూసి, "మేకకు టికెట్ తియ్యల్ల మేడమ్," అన్నాడు. తల లేని మేకకు టికెట్టేమిటని వాదించాను. "తల లేకున్నా సీటు ఆక్రమిస్తాండాది గదా," అన్నాడు. బస్సంతా ఆయన పక్షమే. చివరికి అది నా ఒళ్లోనే ఉంటే టికెట్టు అక్కర్లేదని రాజీ కుదిరింది.

తిత్తి చల్లగా ఉండాలంటే చెమర్చాలి. అది పాఠం. అది ఎవరి ఒళ్లో చెమరుస్తుందో పాఠంలో లేదు. ఆళ్లగడ్డ వచ్చేసరికి నా చీరా, పక్కనాయన ప్యాంటూ తడిసిపోయాయి. ఆయన లేచి రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. దాని చల్లదనం మోకాళ్లకు తగులుతోంది, నోట్లో మాత్రం ఫ్లాస్కు నీళ్లు. దప్పికంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మైదుకూరులో బస్సు ఆగింది. మద్దిలేటి టీకి దిగాడు. తిత్తి చెమర్చి చెమర్చి మూడో వంతు తగ్గిపోయి, మొట్లు వేలాడేసుకుని నీరసంగా కనిపించింది. వెలితి తిత్తితో వెళితే పెద్దాయన పరువేం కాను? బస్టాండు పక్కనే చేతిపంపు ఉంది. పరుగున వెళ్లి, తుప్పు పట్టిన ఆ బోరింగు కొట్టి, తిత్తి నిండుగా నింపుకొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మేలు చేసి చెప్పుకోకూడదంటారు కదా.

కడప

హోటలు కొత్త సున్నం వాసన వేస్తోంది. మర్నాడే ప్రారంభం. మేనేజరు, వంటవాళ్లు, ఫోటో తీసే అబ్బాయి అందరూ తిరుగుతున్నారు. శేషిరెడ్డి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో మినరల్ వాటర్ సీసాతో ఎదురొచ్చాడు. "రా మద్దిలేటీ! తెచ్చినావా? గోడకు కొక్కెం గూడా కొట్టించినా," అన్నాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. నాకు కుర్చీ వేయించాడు.

"దోసిలి పట్టు రెడ్డీ," అన్నాడు మద్దిలేటి.

ముందు ఒక చుక్క నేల మీద వంచాడు. తెల్లటి టైలు మీద సిరా పడ్డట్టు పడింది. నల్లగా, కాస్త నీలంగా.

 టానిన్‌కు ఇనుము తగిలితే సిరా. ముప్పై ఏళ్లు పరీక్షనాళికలో నేను పిల్లలకు చేసి చూపించిన ప్రయోగం. తుప్పు బోరింగు నీళ్లు తంగేడు తోలులో పోసి, బస్సులో ఊపుకుంటూ వచ్చి, అదే ప్రయోగం తిత్తెడు కొలతలో చేశాను. మూఢనమ్మకం అని రాసుకున్నదాన్నీ నేనే.

"ఏందప్పా ఇది, మోరీ నీళ్లు పట్టుకొచ్చినావు?" అన్నాడు శేషిరెడ్డి. కోపం కన్నా ఊరట ఎక్కువగా వినిపించింది నాకు. "తాగేవాన్నే మద్దిలేటీ, తాగకేం. కానీ డాక్టరు బయట నీళ్లు తాగొద్దన్నారు." చేతిలో సీసా ఎత్తి చూపించాడు.

అచ్చంగా నా మాటలు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. సుంకమ్మ గడప పక్కన పెట్టిన చెంబు కళ్ల ముందుకొచ్చింది. 

తప్పు నాదేనని లేచి ఒప్పుకున్నాను. నలుపు ఎందుకొచ్చిందో, గుక్కెడు తాగితే ఏమీ కాదని ఎందుకు చెప్పగలనో వివరించాను. "అట్లయితే మీరు తాగండి మేడమ్, చూస్తాం," అన్నాడు శేషిరెడ్డి. తాగితే తిత్తి నాదైపోతుంది. నా అబద్ధం నిజమవుతుంది, పైగా తిత్తి తెనాలికి వస్తుంది. ఆశ పడలేదని చెప్పను. మద్దిలేటి నా వంక చూడలేదు, తిత్తి మూతి బిగించి పట్టుకుని నిలబడ్డాడు.

నేను గోడ వంక చూశాను. కొక్కెం కింద కొత్త బోర్డు ఉంది. క్లాసు గొంతుతో, వెనక బెంచీ దాకా వినపడేలా చదివాను. "మా తాత తాగాడు. మా నాయన తాగాడు. మేమూ తాగుతున్నాం. మూడు తరాల తిత్తి నీళ్లు, రండి, రుచి చూడండి." చదివి, "మూడో వాక్యం ఇంకా నిజం కాలేదండీ," అన్నాను. అలాంటి వాక్యాలు ఎలా పుడతాయో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

వంటవాళ్లు పని ఆపారు. శేషిరెడ్డి నవ్వబోయి, "మా మేనేజరు తాగుతాడులే," అన్నాడు. మేనేజరు ఒక అడుగు ముందుకేశాడు.

"మీ నాయన గూడా జీతగాన్నే పంపినాడు రెడ్డీ," అన్నాడు మద్దిలేటి. గొంతు పెంచలేదు. "నాకు పదేండ్లు అప్పుడు. నీకు జీతగాండ్లు ఇంకా శానామంది ఉండారు. నీకు దప్పిక లేదంటే చెప్పు, తిత్తి ఎత్తుకోని పోతా."

శేషిరెడ్డి మేనేజరును చేత్తో ఆపాడు. తర్వాత సీసా కౌంటరు మీద పెట్టాడు. పొడుగు మనిషి, పొట్టి మద్దిలేటి ముందు నడుం వంచి దోసిలి పట్టాల్సి వచ్చింది. ఒక గుక్క తాగాడు. దోసిలి తీయలేదు, రెండోదీ తాగాడు. మద్దిలేటి వంచిన నీళ్ల ధార చెదరలేదు. శేషిరెడ్డి పెదాలు నల్లగా అయ్యాయి. తెల్ల చొక్కా చేతికి తుడుచుకున్నాడు. ఆ మరక సబ్బుకు పోదు. ఆ సంగతి నేను చెప్పలేదు.

తర్వాత నేను దోసిలి పట్టాను. ఇనుప మేకు నాకినట్టు, పచ్చి కరక్కాయ కొరికినట్టు ఉంది. అమృతానికి ఆమడ దూరం. చల్లగా మాత్రం ఉన్నాయి, గొంతులోంచి గుండె దాకా చల్లగా.

ఎర్రకారం దోశ

కడపలో ఎర్రకారం దోశ తినకుండా బస్సెక్కితే పాపమంటారు. బస్టాండు ఎదుట చిన్న హోటల్లో కూర్చున్నాం. మా వైపు దోశకు చట్నీ పక్కన పెడతారు, ఇక్కడ ఎర్రకారం దోశ మీదే పూసేస్తారు, తప్పించుకునే దారి ఉండదు. మద్దిలేటి తీరిగ్గా తింటున్నాడు. నాలుక నాకూ నల్లగానే ఉంది.

"మైదుకూరులో నువ్వు బోరింగు కొట్టేది చూసినా మేడమ్," అన్నాడు.

నోటిదాకా వచ్చిన ముక్క ఆగిపోయింది. "మరి ఆపలేదేం?"

"తేట నీళ్లయితే ఫోటోకు నగుతా తాగుతాండె. దాంట్లో ఏముండాది? ఆ నల్ల నీళ్లు తాగినాడు సూడు, అవి మా నాయనకు." దోశ ఇంకో ముక్క తుంచి, నా వంక చూడకుండా అన్నాడు. "నువ్వు తాగుతావో లేదో గూడా చూడల్లనిపించె. మూడు దినాలు మా పందిట్లో కూర్చుంటివి, చెంబు ముట్టకపోతివి."

నా సంచిలో ఫ్లాస్కు ఉంది. బల్ల మీద హోటలువాడు పెట్టిన జగ్గు ఉంది. మద్దిలేటి తను సగం తాగిన గ్లాసును జగ్గుతో మళ్లీ నింపుకుని, పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంటున్నాడు. నేను ఆ గ్లాసే అందుకుని మొత్తం తాగేశాను.

ఆయన కళ్లు చిన్నవి చేసుకుని నవ్వాడు. "మరి మీ డాక్టరు ఏమనడా?"

"ఆ డాక్టరు లేడు పెద్దాయనా," అన్నాను. "అన్నది నేనే."